ఓడకి రెండు గంటల ముందు

తెలివంటే లెంకవారిదే తెలివి. ఈ మాట ఎవరన్నారంటే, లెంకవారే అన్నారు. వెదుళ్ళపాలెంలో ఇంకెవరూ ఎందుకనలేదంటే, కుళ్ళు. అది కూడా లెంకవారే చెప్పారు.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. ఇంటి యజమాని గౌరునాయుడు, అతని తల్లి నూకాలమ్మ, భార్య అచ్చియ్యమ్మ, అచ్చియ్యమ్మ తమ్ముడు లచ్చుంనాయుడు. ఈ లచ్చుంనాయుడు పదకొండేళ్ళ కిందట అక్కని చూసిపోదామని వచ్చాడు. ఉండరా అన్నారు, ఉన్నాడు. వెళ్ళమని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, అందుకని వెళ్ళలేదు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడం, అదే వాళ్ళ దృష్టిలో తెలివి. డాక్టరు నూకాలమ్మకి పడుకునే ముందు మాత్ర వేసుకోమన్నాడు. ఆవిడ ఒకరోజు మిట్టమధ్యాహ్నం జంతికలు వత్తుతూ మర్చిపోయి మాత్ర మింగేసింది. అంతే. మింగేసింది కాబట్టి పడుకోక తప్పదని, పిండి చేత్తోనే వెళ్ళి పడుకుంది. నూనె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఎవరు లేపినా లేవలేదు, డాక్టరు మాటంటే అంత గౌరవం.

గౌరునాయుడికి ఒక్కటే వెలితి. ఎక్కడికెళ్ళినా ఆలస్యం. గడప దాటేముందు పదిరకాలుగా ఆలోచించాలి కదా, ఆలోచన ఎక్కువైనందుకే ఆలస్యమని అతని సమాధానం. తన పెళ్ళికి తనే ఆలస్యంగా వెళ్ళాడు. పురోహితుడు ఇంకో పెళ్ళి చేయించి తిరిగొచ్చేదాకా అచ్చియ్యమ్మ పీటల మీద ఒక్కత్తే కూర్చుంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో అన్నవరం వెళ్దామని మూడుసార్లు స్టేషనుకెళ్ళి, మూడుసార్లూ రైలు ఆఖరిపెట్టె చూసి ఇంటికొచ్చింది.

అలాంటి ఇంటికి అదృష్టం తలుపు తట్టింది. పట్నంలో ఒక గిన్నెల కొట్టులో కుక్కరు కొంటే లాటరీ చీటీ ఇచ్చారు. ఆ చీటీకి బహుమతి తగిలింది. ఏమిటా బహుమతి అంటే, నలుగురికి ఓడ ప్రయాణం. శుక్రవారం ఎక్కించుకుని, మూడు రాత్రులు సముద్రం మీద తిప్పి, సోమవారం పొద్దున్న మళ్ళీ అదే రేవులో దింపుతారు. అచ్చియ్యమ్మ ఆ టికెట్టుని దేవుడి పటం వెనక పెట్టి, మొగుడి దగ్గరికొచ్చి నిలబడింది.

"మావా, ఒడ్డు కనపడని చోట నీళ్ళెలా ఉంటాయో చూడాలని చిన్నప్పట్నుంచీ నా కోరిక. ఈ ఓడ కూడా తప్పించావంటే ఇక నీతో వీధి చివరిదాకా కూడా రాను."

గౌరునాయుడికి గుండెల్లో రాయి పడింది. అచ్చియ్యమ్మ అరిచే మనిషి కాదు. మెల్లిగా అన్నదంటే చేసి తీరుతుంది.

అందుకని మంగళవారం పొద్దున్నే, ఓడ ఇంకా మూడు రోజులుందనగా, అరుగు మీద నలుగురూ కూర్చున్నారు. రేవుకి ఏ వేళకి చేరాలో తేల్చాలి. లచ్చుంనాయుడు ఏడోతరగతి దాకా చదివాడు కాబట్టి టికెట్టు అతని చేతికిచ్చారు. ఓడ శుక్రవారం సాయంత్రం ఐదింటికి కదులుతుంది, ప్రయాణికులు రెండు గంటల ముందే రేవులో ఉండాలి, అని చదివాడు.

అయితే మూడింటికి ఉండాలి అన్నాడు గౌరునాయుడు. అక్కడితో లేచిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ నూకాలమ్మ కొడుకుని కూర్చోమంది. ఐదింటి పనికి రెండు గంటల ముందుండమన్నారు, బాగుంది. మరి మూడింటికి అక్కడ ఉండడం కూడా పనే కదా, దానికి రెండు గంటల ముందుండొద్దా, లేకపోతే ముందుండడానికే ఆలస్యమైపోతుంది, అంది. గౌరునాయుడు తల్లి వైపు కళ్ళార్పకుండా చూశాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు.

ఇంకేముంది, మూడు కాస్తా ఒంటిగంట అయింది. ఒంటిగంటకి ఉండాలంటే పదకొండుకి ఉండాలి. పదకొండుకి ఉండాలంటే తొమ్మిదికి. లచ్చుంనాయుడు బొగ్గుముక్క తెచ్చి గోడ మీద గీతలు గీస్తూ వచ్చాడు. శుక్రవారం అయిపోయింది, గురువారంలోకి పోయారు. అరుగు గోడ నిండిపోయింది, వంటింటి గోడకెళ్ళారు. బుధవారం కూడా అయిపోయింది. పశువులపాక గోడ మీద నలభయ్యో గీత గీసేసరికి లెక్క మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి ఆగింది. ఎందుకాగిందంటే, గౌరునాయుడు అప్పుడే లోపలికెళ్ళి గోడ గడియారం చూశాడు. ఇవాళే మంగళవారం. ఇప్పుడే తొమ్మిదిన్నర.

 గౌరునాయుడు ఓడకి మూడు రోజులుండగానే అరగంట ఆలస్యమైపోయాడు. జీవితంలో ఇంత ముందుగా ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

అచ్చియ్యమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. అంతే. నలుగురూ ఉన్నపళంగా పరుగో పరుగు. కుంపటి మీద అన్నం సగం ఉడికింది. సగం ఉడికిన అన్నం వదిలేసి పోకూడదంది నూకాలమ్మ. దింపితే పలుకైపోతుందంది అచ్చియ్యమ్మ. అందుకని కుంపటితో సహా ఎత్తి షేర్ ఆటోలో పెట్టారు. దారిపొడవునా లచ్చుంనాయుడు విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు. డ్రైవరు పొగకి తల బయటపెట్టి నడిపాడు. పట్నం చేరేసరికి అన్నం ఉడికింది, డ్రైవరు కళ్ళు కూడా ఉడికినట్టే ఎర్రబడ్డాయి.

రేవు గేటు దగ్గర కాపలా ఉన్నాయన పేరు కూర్మారావు. మంచాయన, బుర్రమీసాలాయన. పాతికేళ్ళుగా ఆ గేటు దగ్గర రకరకాల మనుషుల్ని చూశాడు గానీ, పొగలు కక్కే కుంపటితో ఓడెక్కడానికి వచ్చినవాళ్ళని చూడలేదు. గౌరునాయుడు చేతులు జోడించి, అరగంట ఆలస్యమైంది, మన్నించి ఎక్కించండి అని బతిమాలాడు. కూర్మారావు టికెట్టు చూశాడు, తేదీ చూశాడు, ఖాళీగా ఉన్న నీళ్ళ వైపు చూశాడు. ఓడే ఇంకా రాలేదయ్యా అన్నాడు. ఊరూ పేరూ అడిగి పుస్తకంలో రాసుకుని, నిదానంగా చెప్పాడు.

"శుక్రవారం ఒంటిగంటకి రండి. మూడింటికి గేటు మూసేస్తాం. ఈ లెక్కలేవీ పెట్టుకోకండి."

ఆలస్యం కాలేదని తెలిసి గౌరునాయుడు తేలికపడ్డాడు. అందరూ ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని అన్నం తిన్నారు. నూకాలమ్మ చెల్లెలి ఇల్లు అక్కడికి నాలుగు వీధుల అవతలే. మూడు రోజులు అక్కడే ఉందామని మొదట అనుకున్నారు కూడా. అప్పుడు లచ్చుంనాయుడికి అనుమానమొచ్చింది. ఆయన రమ్మన్నాడు, ఉండమనలేదు. రావాలంటే ముందు వెళ్ళాలి కదా బావా, ఉన్నవాడు ఎలా వస్తాడు, అన్నాడు.

గౌరునాయుడు ఆలోచించాడు. బల్ల మీంచి లేచి పది అడుగులు వెనక్కి నడిచి మళ్ళీ గేటు దగ్గరికొచ్చాడు. ఇది రావడం కిందికొస్తుందా అని అడిగాడు. కూర్మారావు శుక్రవారం అన్నాను కదయ్యా అన్నాడు. అయితే ఎంత దూరం నుంచి వస్తే వచ్చినట్టు. చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి అచ్చియ్యమ్మకి తట్టింది. ఆయన పుస్తకంలో వెదుళ్ళపాలెం అని రాసుకున్నాడు, వేరే చోటు నుంచి వస్తే అబద్ధమైపోతుంది, అబద్ధమాడితే ఓడెక్కనిస్తారా, అంది. ఇంకేముంది, చెల్లెలి గుమ్మం ముందు నుంచే, ఆవిడ పిలుస్తున్నా ఆగకుండా, నలభై కిలోమీటర్లు వెనక్కెళ్ళిపోయారు. మళ్ళీ రావడానికి.

గురువారం ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు. ఈసారి ఆలస్యం కాకూడదని ఎవరికి వాళ్ళే గట్టిగా అనుకున్నారు. గడియారం కొంచెం ముందుకి తిప్పిపెడితే అందరూ తొందరపడతారు కదా అని గౌరునాయుడు ఎవరూ చూడకుండా అరగంట ముందుకి తిప్పాడు. కాసేపటికి అచ్చియ్యమ్మ వచ్చి, మొగుడి సంగతి తెలిసినదే కాబట్టి, ఎవరూ చూడకుండా అరగంట తిప్పింది. తర్వాత లచ్చుంనాయుడు. నూకాలమ్మకి చెయ్యి అందక పీట వేసుకుని మరీ తిప్పింది. నలుగురూ లోపల్లోపల నవ్వుకున్నారు, తమ తెలివి ఇంకెవరికీ లేదని.

శుక్రవారం ఆ గడియారాన్నే లచ్చుంనాయుడు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మనిషి మాట మారొచ్చు, గడియారం మారదు కదా అన్నాడు. రేవు దగ్గర ఆటో దిగేసరికి అందులో సరిగ్గా ఒంటిగంట. గౌరునాయుడి మొహం వెలిగిపోయింది. మొదటిసారి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, పెళ్ళాన్ని చెప్పిన వేళకి చెప్పిన చోట దింపాడు. ఛాతీ విరుచుకుని గేటు దగ్గరికెళ్ళాడు.

కూర్మారావు తన చేతి వాచీ చూపించాడు. పదకొండు. ఇంకా రెండు గంటలుంది, నీడలో కూర్చోండి అన్నాడు.

నలుగురి మొహాలూ తెల్లబోయాయి. తను తిప్పిన అరగంట వల్లే ఇంత తప్పు జరిగిందని ఎవరికి వాళ్ళే కుమిలిపోయారు. చేసిన తప్పు దిద్దుకోవాలి, అది కూడా మిగతావాళ్ళకి తెలియకుండా దిద్దుకోవాలి. గౌరునాయుడు గడియారాన్ని తుడుస్తున్నట్టు నటిస్తూ రెండు గంటలు వెనక్కి తిప్పాడు. అచ్చియ్యమ్మ ఎండ తగలకుండా కొంగు కప్పుతున్నట్టు రెండు గంటలు తిప్పింది. లచ్చుంనాయుడు రెండు. నూకాలమ్మ రెండు. ఒంటిగంటలోంచి ఎనిమిది గంటలు వెనక్కి తిప్పితే ముల్లు ఎక్కడికొస్తుంది, మీరే చెప్పండి. ఐదింటికొచ్చింది.

ముందుగా చూసింది అచ్చియ్యమ్మే. ఐదు. ఓడ కదిలే వేళ. ఆమె చేతిలో సంచి జారిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు, అలా నేల మీద కూర్చుండిపోయింది. గౌరునాయుడు నెత్తి కొట్టుకున్నాడు. నీడలో కూర్చున్నంతలో ఓడ వెళ్ళిపోయింది, తన కళ్ళముందే వెళ్ళిపోయింది, తన బతుకే అంత. సంచులెత్తుకుని నలుగురూ కళ్ళు తుడుచుకుంటూ ఆటో స్టాండు వైపు నడిచారు.

అప్పటికి ఓడ రేవులోనే ఉంది. చిన్న ఓడ కాదు, తొమ్మిది అంతస్తుల మేడంత తెల్లటి ఓడ. దాని నీడ వీళ్ళ మీదే పడుతోంది. ఆ నీడలోనే నడుచుకుంటూ, ఓడ పోయిందని ఏడుస్తూ పోతున్నారు.

కూర్మారావు పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడి, ఎక్కడికయ్యా అన్నాడు. ఓడ వెళ్ళిపోయింది బాబూ అంది నూకాలమ్మ. అతను వేలు పెట్టి ఓడని చూపించాడు. ఆవిడ జాలిగా అతని వైపు చూసి, లచ్చుంనాయుడి చంకలో గడియారాన్ని చూపించింది. కనపడితే ఏం లాభం బాబూ, అయిదయిపోయింది, అంది.

 కూర్మారావు గడియారం లాక్కుని, ముళ్ళు సరిగ్గా తిప్పి, తన కుర్చీ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటిగంట దాకా ఎవరూ దేన్నీ ముట్టుకోకండి అన్నాడు. వాళ్ళు ముట్టుకోలేదు. ఈగలు వాలినా తోలుకోలేదు.

ఒంటిగంటకి లోపలికి పిలిచారు. మీ నలుగురికీ ఒకటే టికెట్టు, నలుగురూ కలిసి రండి, విడివిడిగా వస్తే మళ్ళీ వెనక్కి పంపిస్తారు, అని చెప్పాడు కూర్మారావు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. వెనక్కి పంపిస్తారనగానే గౌరునాయుడు పరుపుచుట్ట దగ్గరికి ఉరికాడు. పరుపుచుట్టకి కట్టిన తాడు విప్పి, నలుగురినీ పక్కపక్కన నిలబెట్టి, నడుముల చుట్టూ బిగించి కట్టాడు. ఇప్పుడు దేవుడు దిగొచ్చినా విడివిడిగా రారు.

లోపలికెళ్ళే చోట ఒంటిమీద ఇనుముంటే కుయ్యికుయ్యిమనే తలుపు చట్రం ఒకటుంది, మనిషి పట్టేంత వెడల్పు. అందులోకి నలుగురూ ఒక్కసారే దూరారు. గౌరునాయుడు ఇటు, లచ్చుంనాయుడు అటు, మధ్యలో అత్తాకోడళ్ళు చట్రంలో ఇరుక్కుపోయారు. వెనక్కి రమ్మంటే రారు, వెనక్కి వెళ్ళకూడదనే కదా ఇంత కట్టుకున్నది. ముందుకే తోశారు. అంతే. చట్రం బోల్టులూడి, దాన్ని నడుముకి తగిలించుకునే నలుగురూ పదిగజాలు నడిచారు. అది దారి పొడవునా కుయ్యిమంటూనే ఉంది. ఆరుగురు కలిసి చట్రం విడదీశారు గానీ తాడు ముడి మాత్రం ఎవరికీ ఊడిరాలేదు. అలాగే మెట్లెక్కి, అలాగే ఓడలోకెళ్ళి, వంటవాడి కత్తి తెప్పించుకుని కోయించుకున్నారు.

ఏమైతేనేం, ఎక్కారు. గదిలో పరుపు మీద నూకాలమ్మ రెండుసార్లు కూర్చుని లేచింది. లచ్చుంనాయుడు కొళాయిలన్నీ తిప్పి చూశాడు. అచ్చియ్యమ్మ మాత్రం తిన్నగా పైకెళ్ళి, కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎదురుగా నీళ్ళు. ఎంత దూరం చూస్తే అంత దూరం నీళ్ళు. ఆమె వెనక్కి తిరిగి మొగుడి చెయ్యి పట్టుకుంది. నలుగురిలో ఎప్పుడూ అలా పట్టుకోని మనిషి. ఈసారి తప్పించలేదు మావా అంది. గౌరునాయుడికి కళ్ళు చెమ్మగిల్లాయి. మళ్ళీ పెళ్ళయినట్టుంది అతనికి, అది కూడా ముహూర్తానికి.

నాలుగున్నర అయింది. గేటు బయట కంచె పొడుగునా జనం చేరారు. ఓడెక్కినవాళ్ళ తాలూకు మనుషులు. అక్కలు, పిన్నులు, మామయ్యలు, పిల్లలు. పేర్లు పెట్టి పిలుస్తున్నారు, చేతులూపుతున్నారు, కొంగులూపుతున్నారు. ఓడ మీద వాళ్ళు కూడా ఊపుతున్నారు. అచ్చియ్యమ్మ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఆమె మొహం మెల్లిగా వాడిపోయింది.

లెంకవారింట్లో ఊరికెళ్ళే మనిషిని సాగనంపకుండా ఎప్పుడూ పంపలేదు. సంతకెళ్ళినా సరే, ఒకరు గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా చూసి గానీ లోపలికి రారు. ఇప్పుడు ఇంత పెద్ద ప్రయాణానికి, సముద్రం మీద ప్రయాణానికి, చెయ్యూపేవాళ్ళు ఒక్కరూ లేరు. ఉన్న నలుగురూ ఓడెక్కేశారు. అనాథల్లా పోతున్నాం కదా మావా అంది ఆమె.

గౌరునాయుడు తట్టుకోలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళకి ఒక్కసారి సంతోషపెట్టాడు, అది కూడా వెలితిగా ఉండకూడదు. ఇంకా అరగంటుంది. గబగబా మెట్లు దిగి, పక్కనున్న బయటికెళ్ళే గేటు దాటి, కంచె దగ్గర జనంలో దూరి, తలపాగా విప్పి రెండు చేతులతో ఊపాడు. పైన అచ్చియ్యమ్మ మొహం వికసించింది. ఆమె కూడా ఊపింది. ఎంత బాగుందో.

ఊపుతూ ఊపుతూ ఆమెకి అనిపించింది. ఈయన నన్ను పంపుతున్నాడు, మరి ఈయన కూడా ప్రయాణమే కదా, ఈయన్ని పంపేదెవరు. పాపం అనుకుంది. మొగుణ్ణి సాగనంపని ఆడది ఏం ఆడది అనుకుంది. ఆమె కూడా దిగొచ్చి మొగుడి పక్కన నిలబడి ఓడ వైపు ఊపసాగింది. అక్కాబావా సముద్రం మీదికి పోతుంటే తమ్ముడు పైన కూర్చుని చూస్తాడా, లచ్చుంనాయుడు దిగొచ్చాడు. ఇక నూకాలమ్మ ఒక్కత్తే మిగిలింది. కొడుకూ కోడలూ ఊరెళ్తున్నప్పుడు ఇంటి పెద్దదిక్కు దీవించి పంపొద్దా. మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, ఆవిడ కూడా వచ్చి చెయ్యెత్తింది.

కూర్మారావు వీళ్ళని చూసి దగ్గరికొచ్చాడు.

"మీరు ఓడెక్కలేదా?"

"ఎక్కాం బాబూ, వేళకే ఎక్కాం," అన్నాడు గౌరునాయుడు.

"మరి ఇక్కడేం చేస్తున్నారు?"

"మమ్మల్ని సాగనంపుతున్నాం."

కూర్మారావు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి ఏదైనా మాట వచ్చేలోపే ఓడ బూరా ఊదింది. మెట్లు తీసేశారు. తెల్లటి ఓడ మెల్లగా రేవు వదిలి కదిలింది. నలుగురూ వెక్కివెక్కి ఏడుస్తూ, నవ్వుతూ, ఓడ చుక్కంతై మాయమయ్యేదాకా ఊపారు. అంత ఘనంగా ఆ రేవులో ఎవర్నీ ఎవరూ సాగనంపలేదని అక్కడున్నవాళ్ళే చెప్పుకున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు గౌరునాయుడు ఆటోలో నిటారుగా కూర్చున్నాడు. ఓడ తప్పలేదు. సామాను కూడా ఓడమీదే ఉంది, ఇంకా సాక్ష్యం ఏం కావాలి.

శనివారం అచ్చియ్యమ్మ పెరట్లో బట్టలారేస్తూ, ఈపాటికి ఒడ్డు కనపడని చోట ఉంటాం అంది. ఆదివారం కళ్ళు తిరుగుతున్నాయంది, సముద్రం పోటు మీదుందేమో అని భయపడింది. సాయంత్రం మాత్రం మొగుడి దగ్గరికొచ్చి కూర్చుని చిన్న గొంతుతో అడిగింది.

"అక్కడ నేను సంతోషంగానే ఉన్నానంటావా?"

"ఎందుకుండవు. నీ పక్కనే ఉన్నాను కదా," అన్నాడు గౌరునాయుడు. ఆమెకి ధైర్యమొచ్చింది.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఓడ వస్తుంది. ఊరి నుంచొచ్చేవాళ్ళకి ఎదురెళ్ళాలి కదా. ఏ వేళకెళ్ళాలి అని మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. ఈసారి చర్చ త్వరగానే తేలింది. ఓడ వెళ్ళేటప్పుడు రెండు గంటల ముందన్నారు. ఇప్పుడు ఓడ వెళ్ళడం లేదు, వస్తోంది. అంతా తిరగబడింది కాబట్టి రెండు గంటల తర్వాత వెళ్ళాలి. పదింటికి తీరిగ్గా రేవుకి చేరారు.

అక్కడ ఒక్క ప్రయాణికుడు లేడు. అందరూ దిగి వెళ్ళిపోయారన్నాడు కూర్మారావు. వీళ్ళ సంచులు, పరుపుచుట్ట మాత్రం తెచ్చి ముందు పెట్టాడు. ఓడలో వదిలేసి వెళ్ళారు తీసుకోండి అన్నాడు. వీళ్ళతో ఇంకేం మాట్లాడాలో తెలియక లోపలికెళ్ళిపోయాడు.

నలుగురూ ఆ సంచుల వైపు చూశారు. మనవాళ్ళు దిగారు, సామాను మర్చిపోయి ఇంటికెళ్ళిపోయారు, అన్నాడు లచ్చుంనాయుడు. అంత మతిమరుపేంటి వీళ్ళకి, అని విసుక్కుంది నూకాలమ్మ. అంతలో గౌరునాయుడు నడుం దగ్గర తడుముకున్నాడు.  ఇంటి తాళంచెవి అతని దగ్గరే ఉంది.

"మూడు రోజులు సముద్రం మీద తిరిగొచ్చి, పాపం, ఎండలో గుమ్మం ముందు నిలబడి ఉంటారు," అంది అచ్చియ్యమ్మ.

ఇంకేముంది, ఉరుకులు పరుగులు. ఆటోవాణ్ణి తొందరపెట్టి, సంచులు జారిపోతున్నా పట్టించుకోకుండా వెదుళ్ళపాలెంలో దిగారు. గుమ్మం ముందు ఎవరూ లేరు. ఇంకా రాలేదు, ముందే వచ్చేశాం అని ఊపిరి పీల్చుకున్నారు. అచ్చియ్యమ్మ తలుపు తీసి, ప్రయాణం బడలిక తీరేలా నలుగురికీ వేణ్ణీళ్ళు కాచింది. వేడివేడిగా అన్నం వండి, పప్పు పెట్టి, చేపల పులుసు చేసి, నాలుగు కంచాలు కడిగి పెట్టింది. ఊరి నుంచి వచ్చేవాళ్ళకంటే ముందు తినేస్తే మర్యాద కాదని ఎవరూ అన్నం ముట్టుకోలేదు. అరుగు మీద వరసగా కూర్చుని వీధి చివరికి చూస్తూ ఉన్నారు.

ఒంటిగంటైంది. రెండైంది. పులుసు చల్లారిపోయింది. కడుపులో పేగులు అరుస్తున్నాయి. ఎంతకీ రారేటి మావా అని అడిగింది అచ్చియ్యమ్మ.

గౌరునాయుడు సిగ్గుపడి తల దించుకున్నాడు.

"నీకు తెలీనిదేముంది. వాళ్ళలో నేను కూడా ఉన్నాను కదా, ఎలా వేళకొస్తారు."

ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన మనిషి.  అచ్చియ్యమ్మ లేచి వెళ్ళి పులుసు మళ్ళీ వెచ్చబెట్టింది.